మోర్మన్ల మాటల వెనుక ఉన్న అర్థాన్ని ఒక క్రైస్తవుడు ఎలా తెలుసుకోవాలి

మోర్మన్ విశ్వాసితో పది నిమిషాలు మాట్లాడిన క్రైస్తవుడికి మామూలుగా ఈ రెండింట్లో ఏదో ఒకటి అనిపిస్తుంది. "యేసు అంటున్నారు, కృప అంటున్నారు, బాప్తిస్మం అంటున్నారు, ఇంక మనకీ వీళ్ళకీ తేడా ఏముంది?" అన్నది ఒకటి. ముందే ఎవరైనా భయపెట్టి ఉంటే, "వీళ్ళు అసలు సంగతి దాచి తియ్యగా మాట్లాడుతున్నారు" అన్నది రెండోది. రెండూ తొందరపాటే. ఎదుటి మనిషి ఏమీ దాచడం లేదు. చిన్నప్పటి నుంచీ ఆ మాటల్ని ఆ అర్థంతోనే విన్నాడు, మీరు మీ సంఘంలో వేరే అర్థంతో విన్నారు. కాబట్టి వాదనకు దిగే ముందు అతని మాట అతని లోకంలో ఎక్కడ ఉందో చూడాలి. ఆ పని ఎలా చేయాలో కింద చెప్తున్నాను. నేను త్రిత్వాన్ని నమ్మే క్రైస్తవుడిగానే రాస్తున్నాను. అయినా ఒక మోర్మన్ ఇది చదివితే "మేము చెప్పేది ఇదే" అని ఒప్పుకునేలా ఉండాలని నా ప్రయత్నం.

1. ముందు ఎవరి గురించి మాట్లాడుతున్నారో తేల్చుకోండి

జోసెఫ్ స్మిత్ 1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలోని ఫేయెట్‌లో మోర్మన్ల సంఘాన్ని స్థాపించాడు. 1844లో ఇల్లినాయ్‌లోని కార్తేజ్ జైలు మీద ఒక గుంపు దాడి చేసి అతన్ని చంపేసింది. ఆ తర్వాత అనుచరులు చీలిపోయారు. ఎక్కువమంది బ్రిగమ్ యంగ్ వెంట పడమటికి వెళ్ళి 1847లో ఇప్పటి యూటాలోని సాల్ట్ లేక్ లోయకు చేరారు. ఈ రోజు 1.7 కోట్లకు పైగా సభ్యులున్నారని చెప్పుకునే పెద్ద సంఘం ఇదే. పూర్తి పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. తమను మోర్మన్లు అని పిలవవద్దని ఆ సంఘానికి అప్పటి అధ్యక్షుడైన రస్సెల్ నెల్సన్ 2018లో గట్టిగా కోరారు. పాఠకులకు తెలిసిన పేరు కాబట్టి ఇక్కడ నేను అదే వాడుతున్నాను గానీ, ఎదురుగా కూర్చున్నప్పుడు మాత్రం వాళ్ళు కోరిన పేరుతోనే పిలవండి. దానివల్ల మీ సిద్ధాంతానికి వచ్చే నష్టమేమీ లేదు.

యూటా వెళ్ళకుండా ఉండిపోయిన వారిలో ఒక శాఖ 2001 నుంచి కమ్యూనిటీ ఆఫ్ క్రైస్ట్ అనే పేరుతో ఉంది. వాళ్ళ బోధ త్రిత్వానికి చాలా దగ్గరగా ఉంటుంది. కింద నేను చెప్పేవి వాళ్ళకు వర్తించవు. ఇప్పటికీ ఎక్కువమంది భార్యలను చేసుకునే చిన్న గుంపులు కూడా వేరే. పెద్ద సంఘం 1890 ప్రకటనతో ఆ పద్ధతిని వదులుకోవడం మొదలుపెట్టింది, ఇప్పుడు ఎవరైనా అలా చేస్తే సంఘం నుంచి వెలివేస్తుంది. "మీకు ఎంతమంది భార్యలు?" అని నవ్వుతూ మొదలుపెట్టారంటే సంభాషణ అక్కడే చచ్చిపోయినట్టు.

2. చదవడం మొదలుపెట్టండి, కానీ మోర్మన్ గ్రంథంతో ఆపకండి

వాళ్ళకు లేఖనాలు నాలుగు. బైబిలు, మోర్మన్ గ్రంథము, సిద్ధాంతము మరియు నిబంధనలు, అమూల్యమైన ముత్యము. బైబిలు దేవుని వాక్యమే, అయితే "సరిగ్గా అనువదించబడినంత మేరకు" అని వాళ్ళ విశ్వాస ప్రమాణాల్లో ఎనిమిదోది చెప్తుంది. ఈ షరతును గుర్తుపెట్టుకోండి. మీరు ఒక వచనం చూపించగానే సంభాషణ ఎందుకు పక్కకు జారుతుందో దీనివల్లే అర్థమవుతుంది.

చాలామంది క్రైస్తవులు మోర్మన్ గ్రంథం ఒక్కటే తిరగేసి, "ఇందులో అంత తప్పేముంది?" అని ఆశ్చర్యపోతారు. వాళ్ళ ఆశ్చర్యంలో నిజముంది. 1830లో అచ్చయిన ఆ పుస్తకంలో మూడు మహిమ రాజ్యాలు లేవు, నిత్యత్వానికి జరిపే పెళ్ళి లేదు, మృతుల కోసం తీసుకునే బాప్తిస్మం లేదు. అందులోనే ఒక భాగమైన మొరోనై గ్రంథం ఎనిమిదో అధ్యాయం దేవుడు నిత్యత్వం నుంచి నిత్యత్వం వరకు మారనివాడని చెప్తుంది. ఇంకో భాగమైన జేకబ్ గ్రంథం రెండో అధ్యాయమైతే ఒక్క భార్యే ఉండాలని గద్దిస్తుంది. మోర్మన్ మతాన్ని మిగతా క్రైస్తవ్యం నుంచి వేరు చేసే బోధల్లో చాలావరకు ఆ తర్వాత వచ్చినవే.

అందుకని ముందు విశ్వాస ప్రమాణాలు పదమూడూ చదవండి, అది ఒక్క పేజీ పని. తర్వాత సిద్ధాంతము మరియు నిబంధనలలో 76, 130, 131, 132 ప్రకరణాలు, అమూల్యమైన ముత్యములో అబ్రాహాము గ్రంథం 3, 4 అధ్యాయాలు, జోసెఫ్ స్మిత్ చరిత్ర చదవండి. మోర్మన్ గ్రంథంలో రెండవ నీఫై రెండో అధ్యాయం, చివర మొరోనై పదో అధ్యాయం చాలు. ఆ సంఘమే 2013 నుంచి తన వెబ్‌సైట్‌లో పెట్టిన వ్యాసాలు కూడా ఉన్నాయి. జోసెఫ్ స్మిత్ బహుభార్యత్వం గురించీ, అబ్రాహాము గ్రంథానికి ఆధారమని చెప్పే ఈజిప్టు పాపిరస్ ముక్కల్లో అబ్రాహాము ప్రస్తావన దొరకకపోవడం గురించీ వాటిలో వాళ్ళే రాసుకున్నారు. విమర్శకుల వీడియోల కంటే అవి మేలు. వాళ్ళ నోటి మాటతోనే మాట్లాడుతున్నప్పుడు "ఎవరో పుట్టించిన అబద్ధం" అనే జవాబుకు చోటుండదు.

3. సిద్ధాంతాల పట్టీ వద్దు, కథ పట్టుకోండి

వాళ్ళ కథ ఆదికాండం మొదటి వచనానికి చాలా ముందే మొదలవుతుంది. మనుషులంతా భూమి మీదికి రాకముందు పరలోక తండ్రికి ఆత్మ సంతానంగా ఆయన దగ్గర ఉన్నారు. పరలోక తల్లి కూడా ఉందని వాళ్ళ నమ్మకం, అయితే ఆమెకు ప్రార్థన చేయరు. ఆ ఆత్మలన్నిటిలో జ్యేష్ఠుడు యేసు. తండ్రి ఒక ప్రణాళిక పెట్టాడు: పిల్లలు భూమి మీదికి వెళ్ళి శరీరం పొందాలి, పరీక్షకు నిలబడాలి, ఎదగాలి. లూసిఫరు ఎదురు తిరిగి పడిపోయాడు. మిగిలినవాళ్ళు ఆ సంగతులన్నీ మరచిపోయి ఒక్కొక్కరుగా ఇక్కడ పుడుతున్నారు. చనిపోయాక ఆత్మల లోకం, తర్వాత పునరుత్థానం, తీర్పు, చివరికి ఎవరి స్థాయికి తగిన రాజ్యం వారికి. దీన్నే వాళ్ళు రక్షణ ప్రణాళిక అంటారు.

ఈ కథ తెలిస్తే ఏదెను తోటలో జరిగినది వాళ్ళకు ఎందుకు విషాదం కాదో తెలుస్తుంది. రెండవ నీఫైలో ఒక మాట ఉంది: మనుషులు కలగాలనే ఆదాము పడ్డాడు, ఆనందం పొందడానికే మనుషులు ఉన్నారు. పడిపోకపోతే ఆదాము హవ్వలకు పిల్లలు పుట్టేవాళ్ళు కారు, ప్రణాళిక ముందుకు సాగేది కాదు. కాబట్టి "మనమంతా ఆదాములో పాపులం" అని మీరు ఎంత బరువుగా చెప్పినా అటువైపు ఆ బరువు తెలియదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. "మీరు యేసు, సాతాను అన్నదమ్ములంటారట కదా!" అని కొందరు ఎగతాళి చేస్తారు. ఆ కథలో ఆత్మలన్నీ ఒకే తండ్రి పిల్లలు కాబట్టి ఆ మాటకు ఆధారం లేకపోలేదు. కానీ ఏ మోర్మనూ వాళ్ళిద్దరినీ ఒక గాటన కట్టడు. అతను యేసును పాత నిబంధనలోని యెహోవా అంటాడు, లోక రక్షకుడంటాడు. అతను చెప్పని మాట అతని నోట్లో పెట్టి ఓడించడం క్రైస్తవుడికి తగదు.

4. అన్నిటికంటే ఎక్కువ సమయం "దేవుడు" అనే మాట మీద పెట్టండి

మిగతా తేడాలన్నీ ఇక్కడి నుంచే వస్తాయి. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని వాళ్ళూ అంటారు. అయితే వాళ్ళకు ఆ ముగ్గురూ ఉద్దేశంలో ఒక్కటి, ఉనికిలో వేర్వేరు. తండ్రికి, కుమారునికి మాంసం, ఎముకలు ఉన్న మహిమ శరీరాలున్నాయని, పరిశుద్ధాత్మకు లేదని సిద్ధాంతము మరియు నిబంధనలలోని 130వ ప్రకరణం సూటిగా చెప్తుంది. క్రీ.శ. 325 నాటి నికేయా విశ్వాస ప్రమాణం కుమారుణ్ణి తండ్రితో ఏక స్వభావం గలవాడంటే, మోర్మన్లు ఆ ప్రమాణాన్నే అంగీకరించరు.

శరీరం సంగతి దగ్గర ఆగిపోతే అసలు విషయం జారిపోతుంది. క్రైస్తవ విశ్వాసంలో సృష్టికర్త ఒకవైపు, సృష్టి అంతా మరోవైపు. దూతలైనా మనుషులైనా ఆ గీతకు ఇవతలే. మోర్మన్ బోధలో ఆ గీత లేదు. పదార్థం ఎప్పటి నుంచో ఉంది, దేవుడు దాన్ని అమర్చాడు. దేవుడు, మనిషి ఒకే జాతి. తండ్రి స్థాయి ఎక్కడో ఉంది, బిడ్డ ఇంకా ఎదుగుతున్నాడు. దేవుడు ఒకప్పుడు మనిషిగా ఉన్నాడని జోసెఫ్ స్మిత్ 1844 ఏప్రిల్‌లో ఒక అంత్యక్రియల ప్రసంగంలో బోధించాడు. మనిషి ఇప్పుడున్నట్టు దేవుడు ఒకప్పుడు ఉన్నాడు, దేవుడు ఇప్పుడున్నట్టు మనిషి కాగలడు అని తర్వాత అధ్యక్షుడైన లొరెంజో స్నో రెండు పాదాల్లో కట్టిన మాట వాళ్ళలో బాగా ప్రచారంలో ఉంది. ఆ ప్రసంగం గానీ ఆ మాట గానీ లేఖనం కాదు. కుర్ర మిషనరీని నిలదీస్తే "దేవుడి గతం గురించి మాకు పెద్దగా తెలియదు" అనే అవకాశమే ఎక్కువ. తప్పించుకుంటున్నాడని అనుకోకండి, ఈ కాలంలో వాళ్ళ సంఘాల్లో మొదటి సగం గురించి నిజంగానే తక్కువ మాట్లాడతారు. మనిషి దేవుని వంటివాడు కాగలడన్న రెండో సగం మాత్రం ఇప్పటికీ నడి బోధే. 132వ ప్రకరణం దాన్ని దాపరికం లేకుండా చెప్తుంది.

ఇక్కడ మీరు తెరవాల్సినది యెషయా 43:10. "నాకు ముందుగా ఏ దేవుడును నిర్మింపబడలేదు, నా తరువాత ఏ దేవుడు నుండడు." వెంటనే కీర్తన 90:2 చదవండి. ఆపైన ఒక్క ప్రశ్న అడగండి: "పరలోక తండ్రి ఎప్పుడూ దేవుడేనా?" అడిగి ఊరుకోండి. జవాబు వచ్చేదాకా ఇంకో వచనం తియ్యకండి.

ఈ తేడా ఎంత లోతైనదో చెప్పే ఒక సంగతి ఉంది. మోర్మన్లు నీళ్ళలో పూర్తిగా ముంచి, తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామంలోనే బాప్తిస్మం ఇస్తారు. అయినా ఆ బాప్తిస్మం చెల్లదని రోమన్ కాథలిక్ సంఘం 2001లో తేల్చింది. ఆ పేర్లు పలికేటప్పుడు వాళ్ళ మనసులో ఉన్న దేవుడు త్రియేక దేవుడు కాడన్నదే కారణం. మరోవైపు, మీరు ఏ సంఘంలో బాప్తిస్మం పొందినా మోర్మన్లలో చేరాలంటే మళ్ళీ తీసుకోవాల్సిందే. తేడా లేదనేవాళ్ళకు ఈ రెండు వైపుల నిర్ణయాలూ చూపిస్తే చాలు.

5. "రక్షణ పొందారా?" అని అడగకండి

మన అలవాటు ప్రకారం ఆ ప్రశ్నే ముందు నోటికొస్తుంది. అడిగితే ఏమవుతుందో చూడండి.

"మీరు రక్షణ పొందారా?"
"పొందాను. యేసు ప్రాయశ్చిత్తం వల్లే."
"కృప చేతనేనా?"
"అవునండీ, కృప లేకపోతే ఎవరమూ లేము."

మీరు ఆమేన్ అంటారు, అతనూ అంటాడు. ఇద్దరూ సంతోషంగా విడిపోతారు. ఏమీ తెలియలేదు.

అతని లెక్కలో రక్షణకు ఒక అర్థం అందరికీ దొరికే పునరుత్థానం. క్రీస్తు లేచాడు కాబట్టి మంచివాడూ చెడ్డవాడూ అందరూ లేస్తారు. అది ఉచితం. దాని పైన ఉన్నతస్థితి అనేది వేరే ఉంది. తండ్రి సన్నిధిలో కుటుంబంతో సహా నిత్యం ఉండి ఆయన వంటివారు కావడం అది. మోర్మన్ మనసంతా దాని మీదే. అందుకు విశ్వాసం, మారుమనస్సు, వాళ్ళ సంఘంలో బాప్తిస్మం, హస్తనిక్షేపణ, దేవాలయంలో నిబంధనలు, అక్కడ జరిగే పెళ్ళి, చివరిదాకా నమ్మకంగా ఉండడం కావాలి. రెండవ నీఫై 25:23 ప్రకారం మనం చేయగలిగినదంతా చేసిన తరువాత కృపచేత రక్షింపబడతాం. "ఎంత చేసినా చివరికి కృపే" అనే అర్థంలో దీన్ని చదవాలని వాళ్ళ నాయకులు కొందరు ఈ మధ్య నొక్కి చెప్తున్నారు. ఆ సంగతి కూడా మీకు తెలిసి ఉండాలి. దీని పక్కన ఎఫెసీ 2:8, 9 పెట్టి చదవమనండి.

76వ ప్రకరణం మూడు రాజ్యాలు చెప్తుంది. అన్నిటికంటే కింద టెలెస్టియల్, అబద్ధికులు, వ్యభిచారులు కూడా శిక్ష అనుభవించాక చేరేది. మధ్యలో టెరెస్ట్రియల్, మనుషుల కుయుక్తి వల్ల కళ్ళు కప్పబడిన గౌరవనీయులకు. పైన సిలెస్టియల్, అందులో మళ్ళీ మూడు అంతస్తులు. ఏ రాజ్యమూ దక్కక పూర్తి చీకటిలోకి పోయేవాళ్ళు చాలా కొద్దిమంది. అంటే ఒక నిష్ఠగల బాప్టిస్టు గానీ పెంతెకొస్తు విశ్వాసి గానీ నరకానికి పోతాడని మోర్మన్ అనుకోడు. మధ్య రాజ్యం దగ్గర ఆగిపోతాడేమోనని జాలిపడతాడు. చనిపోయాక ఆత్మల లోకంలో అతను వాళ్ళ సువార్తను అంగీకరించవచ్చు కాబట్టి, బతికున్నవాళ్ళు అతని తరఫున దేవాలయంలో బాప్తిస్మం తీసుకుంటారు. 1 కొరింథీ 15:29ను ఆధారంగా చూపిస్తారు. వంశవృక్షాల మీద వాళ్ళకున్న శ్రద్ధకు మూలం ఇదే.

అందుకని ఇలా అడిగి చూడండి: "ఈ రాత్రి చనిపోతే తండ్రి సన్నిధిలో నిత్యం ఉంటానన్న నిశ్చయం మీకుందా? దేన్ని బట్టి?" చాలామంది కాసేపు తడుముకుంటారు. "ప్రయత్నిస్తున్నాను" అనే మాట తరచుగా వస్తుంది. ఆ మాట వెనుక అలసట కూడా ఉండొచ్చు. అప్పుడు గెలిచినట్టు ముఖం పెట్టకండి.

6. అధికారం సంగతి

1820లో పద్నాలుగేళ్ళ వయసులో, పామైరా దగ్గర తోపులో తండ్రి, కుమారుడు తనకు కనబడి ఏ సంఘంలోనూ చేరవద్దన్నారని జోసెఫ్ స్మిత్ రాశాడు. అపొస్తలుల తర్వాత నిజమైన సంఘం, దాని అధికారం భూమి మీద లేకుండా పోయాయని, తన ద్వారా తిరిగి వచ్చాయని అతని వాదన. అహరోను యాజకత్వం బాప్తిస్మమిచ్చు యోహాను నుంచి, మెల్కీసెదెకు యాజకత్వం పేతురు, యాకోబు, యోహానుల నుంచి వచ్చిందని నమ్ముతారు. మీ పాస్టర్ ఎంత భక్తుడైనా ఆయనిచ్చే బాప్తిస్మానికి అధికారం లేదనడం ఇందుకే. హెబ్రీ 7వ అధ్యాయం కలిసి చదవండి, మెల్కీసెదెకు క్రమంలోని యాజకత్వం క్రీస్తు ఒక్కరిదేనా కాదా అన్నది అక్కడే తేలుతుంది.

పదవుల పేర్లు చూసి తికమకపడకండి. ఎల్డర్ అంటే వయసు మళ్ళిన పెద్ద కాదు, పద్దెనిమిదేళ్ళకే ఆ యాజకత్వ పదవి ఇస్తారు. బిషప్ అంటే ఒక స్థానిక సంఘానికి జీతం లేకుండా పనిచేసే కాపరి, పగలు ఏ ఆఫీసులోనో ఉద్యోగం చేసుకుంటాడు. ఆ స్థానిక సంఘం వార్డు, కొన్ని వార్డులు కలిస్తే స్టేకు. టీ, కాఫీ, మద్యం, పొగాకు ముట్టరు. దేవాలయంలో ఏం చేస్తారని, లోపల ఏం వేసుకుంటారని గుచ్చిగుచ్చి అడగకండి. వాళ్ళకు అది పవిత్రం, మీకు తెలియాల్సిన సిద్ధాంతమంతా అచ్చు పుస్తకాల్లోనే ఉంది.

7. "చదివి ప్రార్థన చేయండి" అన్నప్పుడు

ప్రతి మిషనరీ చివరికి ఇక్కడికే వస్తాడు. మొరోనై 10:4 చూపించి, ఇది నిజమా కాదా అని దేవుణ్ణి అడగండి, పరిశుద్ధాత్మ మీ హృదయంలో చెప్తాడంటాడు. జోసెఫ్ స్మిత్‌ను తోపులోకి నడిపించిందని చెప్పే యాకోబు 1:5 కూడా చదువుతాడు. తోసిపుచ్చితే ప్రార్థనంటేనే నమ్మకం లేనివాళ్ళలా కనిపిస్తారు, సరే అంటే మనసులో కలిగే అనుభూతి చేతికి తీర్పు అప్పగించినట్టవుతుంది. నేనైతే ఇలా అంటాను: "నేను ప్రార్థన చేస్తాను. అయితే బెరయ వాళ్ళు పౌలు మాటల్ని కూడా లేఖనాలతో సరిచూశారు కదా, మనం ముందు అది చేద్దాం. మీకు కలిగిన అనుభూతిని నేను తక్కువ చేయను. కానీ వేరే మతంలో ఉన్నవాడు తన గ్రంథం గురించి సరిగ్గా అలాంటి అనుభూతే కలిగిందంటే మీరేమంటారు?" గలతీ 1:8 కూడా ఉంది, కానీ దూత తెచ్చిన సువార్త అనగానే ఎదుటివాడికి శాపం మాటే వినిపిస్తుంది. దాన్ని మొదటి రోజే బయటికి తియ్యకండి.

ఇద్దరూ చదవడానికి ఒప్పుకుంటే పని సులువు. మీరు మొరోనై పదో అధ్యాయం చదువుతారు, వాళ్ళు రోమా 3 నుంచి 5 వరకు చదువుతారు. వచ్చే వారం కూర్చుని ఎవరికి ఏం అర్థమైందో చెప్పుకుంటారు.

8. ఆదివారం కూటానికి పిలిస్తే

దేవాలయంలోకి బయటివాళ్ళను రానివ్వరు గానీ, ఆదివారం కూటానికి ఎవరైనా వెళ్ళొచ్చు. గోడ మీద సిలువ ఉండదు. బతికున్న క్రీస్తును చూపించాలనుకుంటామని వాళ్ళ వివరణ. వాళ్ళ బోధలో ప్రాయశ్చిత్తం గెత్సేమనే తోటలోనే మొదలవుతుంది, అక్కడి శ్రమకు మనం మామూలుగా ఇచ్చేదానికంటే చాలా ఎక్కువ చోటిస్తారు. సంస్కారంలో, అంటే వాళ్ళ ప్రభువు బల్లలో, రొట్టె, నీళ్ళు ఇస్తారు, ద్రాక్షారసం కాదు. ఆ ప్రార్థనల్ని కుర్రాళ్ళు రాసి ఉన్నది ఉన్నట్టు చదువుతారు, ఒక్క మాట తప్పినా మళ్ళీ మొదటి నుంచి చదివిస్తారు. నెలలో మొదటి ఆదివారం వెళ్తే సభ్యులు ఒక్కొక్కరే లేచి సాక్ష్యం చెప్పడం వినొచ్చు. "నమ్ముతున్నాను" కంటే "నాకు తెలుసు" అన్న మాట ఎక్కువ వినిపిస్తుంది: ఈ సంఘం నిజమని నాకు తెలుసు, జోసెఫ్ స్మిత్ ప్రవక్త అని నాకు తెలుసు. రొట్టె పళ్ళెం మీ వరుసకు వచ్చినప్పుడు తీసుకోకుండా పక్కవాళ్ళకు అందించెయ్యండి, ఎవరూ ఏమీ అనుకోరు. కూటం అయ్యాక మిమ్మల్ని పిలిచిన మనిషిని ఒక పక్కకు తీసుకెళ్ళి, ఆ "నాకు తెలుసు" తనకు ఎలా తెలిసిందో అడగండి.